అసలు పోయినా నకలు దక్కాలంటే

(సంఘం స్వర్ణోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

 

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం, ప్రయాణాల్లో తీసిన ఫొటోలను భద్రపరచుకోవడం. ఎందుకిచ్చారో కూడా చెప్పారు. మన సంఘంలో చాలామంది రిటైరయ్యారు. రిటైరైనవాళ్ళు ఇంటిపట్టున ఉండటం లేదు. కాశీ, చార్‌ధామ్, అరుణాచలం, లేదంటే పిల్లలున్న డాలస్, సిడ్నీ. తిరిగొచ్చాక ఎవరో ఒకరు నాకు ఫోను చేసి, "ఒరేయ్, ఫొటోలన్నీ పోయాయిరా, ఏమైనా చేయగలవా?" అంటారు. ముప్పై ఏళ్ళుగా కంప్యూటర్ల పనిలో ఉన్నాను కాబట్టి చేయగలనని వాళ్ళ నమ్మకం. చాలాసార్లు చేయలేను. పోయిన తర్వాత చేసే పని కష్టం, ఖర్చు, పైగా ఫలితం అనుమానం. పోకముందు చేసే పనికి రోజూ పడుకోబోయే ముందు పావుగంట చాలు. ఆ పావుగంట గురించే మాట్లాడతాను. మంచి ఫొటో ఎలా తీయాలో నన్నడక్కండి, అందులో నాకు ప్రవేశం లేదు.

ముందుగా ఒక పాత సంగతి. ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు మన తెలుగు మాష్టారు చెప్పగా విన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం. 1830 మే నెలలో పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మళ్ళీ 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో చూసిన ఊళ్ళు, సత్రాలు, దొరికే సరుకులు, దాటిన ఏళ్ళు అన్నీ రాస్తూ, ఆ రాసినవి ఎప్పటికప్పుడు మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపేవారు. 1836లో వీరాస్వామయ్యగారు కన్నుమూశారు. 1838లో ఆ పిళ్ళెగారే కాశీయాత్ర చరిత్రను అచ్చు వేయించారు. రాసిన కాగితాలన్నీ పల్లకీలో తనతోనే మోసుకు తిరిగి, ఏ ఏరు దాటుతున్నప్పుడో మూట జారిపోయి ఉంటే, దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత మనం చదువుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. కాగితాలు దారిలోనే ఆయన చేయి దాటి ఇంకో ఊరు చేరాయి. ఆయన లేకపోయినా వాటిని తెరిచి, అవేమిటో తెలిసి, బయటపెట్టే మనిషి ఉన్నాడు. నేను చెప్పబోయేదంతా ఈ రెండు విషయాల్లోనే ఉంది.

మా వృత్తిలో దీనికి 3-2-1 అని ఒక లెక్క ఉంది. పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు తన పుస్తకం ద్వారా దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఫొటో మూడు చోట్ల ఉండాలి. ఆ మూడూ కనీసం రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. అందులో ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. అంకెలు గుర్తు లేకపోయినా నష్టం లేదు. ఒక్క ప్రశ్న వేసుకోండి: అసలు ఏ కారణంతో పోతుందో, నకలు కూడా అదే కారణంతో పోతుందా? పోతుందంటే అది నకలు కిందికి రాదు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. మా బంధువుల ఇల్లు అక్కడే, కింది అంతస్తు. ఆయన చాలా జాగ్రత్తపరుడు. పెళ్ళి ఆల్బమ్, కుటుంబమంతా కాశ్మీరు వెళ్ళినప్పటి ఆల్బమ్, వాటిని స్కాన్ చేయించి పెట్టుకున్న సీడీలు, ఆ సీడీల్లో ఉన్నవన్నీ ఎక్కించిన హార్డ్ డిస్క్. లెక్కకు మూడు నకళ్ళు. మూడూ చెక్కబీరువా కింది అరలో, ఒకే ప్లాస్టిక్ సంచిలో. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ఆల్బమ్‌లో ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టల్లా ఉన్నాయి. సీడీల పైపూత పెచ్చులూడింది. హార్డ్ డిస్కులోకి బురద చేరింది. ఆ కాశ్మీరు ఫొటోల్లో ఇవాళ దక్కినవి అరవై చిల్లర. అవి కూడా బెంగళూరులో ఉన్న కూతురు అంతకు రెండేళ్ళ క్రితం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకు వెళ్ళింది కాబట్టి దక్కాయి. ఆ అమ్మాయి బ్యాకప్ కోసం తీసుకెళ్ళలేదు. అత్తగారికి చూపించడానికి తీసుకెళ్ళింది.

ఇప్పుడు ఫోన్ల దగ్గరికి వద్దాం. "మా ఫొటోలన్నీ గూగుల్లో ఉన్నాయండీ, భయం లేదు" అనేవాళ్ళే ఇక్కడ ఎక్కువ. ఉన్నాయి, నిజమే. కానీ అక్కడ ఉన్న బొమ్మకూ మీ ఫోనులో ఉన్న బొమ్మకూ మధ్య ఉన్న సంబంధం అద్దానికీ మనిషికీ ఉన్నలాంటిది. మనిషి పక్కకు వెళ్తే అద్దంలో కూడా ఎవరూ ఉండరు. గూగుల్ ఫొటోస్‌లో గానీ, ఆపిల్ వాళ్ళ ఐక్లౌడ్‌లో గానీ ఒక ఫొటోను చెరిపితే ఫోనులోదీ పోతుంది, క్లౌడ్‌లోదీ పోతుంది. రెండూ ఒకటిగా ఉండేట్టు చూడటమే వాటి పని. మీరు కావాలని చెరిపారో, మనవడి వేలు తగిలి చెరిగిందో దానికి తెలియదు. చెరిపినవి కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంటాయి. బ్యాకప్ అయిన ఫొటో గూగుల్లో 60 రోజులు, ఐక్లౌడ్‌లో మామూలుగా 30 రోజులు. ఆ గడువు లోపల గుర్తొస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. మనకు గుర్తొచ్చేది ఎప్పుడంటే, మళ్ళీ ఏడాది అదే యాత్రకు ఎవరో బయలుదేరినప్పుడు.

మన పూర్వ విద్యార్థుల్లోనే ఒక అక్కయ్యగారికి ఇలా జరిగింది. ఫోను నిండిపోయిందని గోల పెడుతుంటే, అందులో "ఖాళీ చేయి" అనే బటన్ నొక్కారు. దాంతో ఫోనులోవి తీసేసింది, క్లౌడ్‌లోవి అలాగే ఉంచింది. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు, ఆ బటన్ పనే అది. మర్నాడు అదే యాప్ తెరిచి చూస్తే ఫొటోలు ఇంకా కనిపిస్తున్నాయి. సరిగ్గా పోలేదేమో అనుకుని వరసగా పట్టి చెరిపేశారు. ఆవిడ చెరిపింది మిగిలిన ఒక్క నకలును. అమెరికాలో మనవరాలి అన్నప్రాసన ఫొటోలు అవి. ఆవిడ నాకు నలభై అయిదో రోజున ఫోను చేశారు కాబట్టి సరిపోయింది. మూడో నెలలో చేసి ఉంటే నేను చేయగలిగింది లేదు.

అందుకని క్లౌడ్ వద్దనను. తప్పకుండా వాడండి. ఫోను పోయినా, గంగలో పడినా, రైల్లో ఎవరైనా కొట్టేసినా అది కాపాడుతుంది. మీ వేలి నుంచి, ఖాతాకు తాళం పడటం నుంచి మాత్రం కాపాడదు. వాటికి ఇంకో నకలు, దేనితోనూ ముడిపడకుండా విడిగా ఉన్నది కావాలి.

ఇంకో సంగతి, చోటు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులోనే మీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ. కొంత నాణ్యత తగ్గించుకుంటే ఫొటోలు ఎన్నైనా ఉచితమన్న రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఆండ్రాయిడ్ ఫోనైతే వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఈ 15 జీబీలోకే వస్తుంది. గుడ్‌మార్నింగ్ బొమ్మలు, పువ్వులు, దేవుడి పటాలు అన్నీ కలిసి అందులో చేరి, మీ కేదార్‌నాథ్ ఫొటోలకు చోటు లేకుండా చేస్తాయి. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. నిండగానే బ్యాకప్ ఆగిపోతుంది. ఒక చిన్న హెచ్చరిక వస్తుంది, మనం పక్కకు తోసేస్తాం. ప్రయాణానికి వారం ముందు ఆ యాప్ తెరిచి చివరి ఫొటో ఎక్కిందో లేదో చూసుకోండి. డబ్బు కట్టి చోటు పెంచుకోవడం నా దృష్టిలో దండగ కాదు. ఏడాదికి ఒక పూట హోటలు భోజనమంత అవుతుంది.

వాట్సాప్ మాటెత్తాను కాబట్టి అదీ చెప్పేస్తాను. "గ్రూపులో పెట్టేశాంగా, ఉంటాయిలే" అనుకుంటారు. గ్రూపులో మామూలుగా పెట్టిన ఫొటోను వాట్సాప్ నొక్కి చిన్నది చేసి పంపుతుంది. మూడు నాలుగు ఎంబీల ఫొటో చాలా చిన్నదైపోతుంది. ఫోను తెర మీద తేడా తెలియదు, ప్రింటు వేయించి గోడకు పెడితే తెలుస్తుంది. ఫొటో ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు అనే వివరాలు కూడా ఊడిపోతాయి. అసలును అసలుగానే పంపాలంటే "డాక్యుమెంట్" అన్న దారిలో పంపండి. అలాగని వాట్సాప్‌ను తీసిపారేయను. ఏదీ లేనిదానికన్నా అది నయం. మా బంధువులకు దక్కిన అరవై ఫొటోలకు తోడు ఇంకో డజను చిన్న బొమ్మలు ఆ గ్రూపుల్లోంచే దొరికాయి.

ఇక ప్రయాణంలో చేయాల్సిన పని. పావుగంట అన్నాను కదా, ఆ లెక్క చెప్తాను. మామూలు ఫోనులో ఫొటో 3 నుంచి 4 ఎంబీ. రోజుకు 150 తీస్తారనుకుందాం. పది రోజులకు 1500, అంటే 6 జీబీ లోపే. హోటలు వైఫై సెకనుకు 5 మెగాబిట్లు పైకి పంపగలిగితే, ఒక రోజు ఫొటోలు ఎక్కడానికి 16 నిమిషాలు. ఫోను ఛార్జింగ్‌కు పెట్టి, ఆ యాప్ తెరిచి ఉంచి, మీరు స్నానం చేసి రండి. వచ్చేసరికి అయిపోతుంది. ప్రతిరోజూ చేస్తేనే ఈ లెక్క. పది రోజులవి ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకుంటే, అప్పటిదాకా ఉన్నది ఒక్క నకలే.

వీడియోలు వేరే జాతి. ఫోనులో 4కె అని పెట్టి తీస్తే ఒక నిమిషానికి సుమారు 170 ఎంబీ. రోజుకు పది నిమిషాలు తీస్తే పది రోజులకు 17 జీబీ. అదే వైఫై మీద అవి ఎక్కాలంటే ఏడున్నర గంటలు. అదే ఫుల్ హెచ్‌డీలో పెట్టుకుంటే మూడో వంతుకు దిగుతుంది. గంగా హారతికి 4కె పెట్టుకోండి, కాదనను. బస్సు కిటికీలోంచి తీసేవాటికి ఎందుకు? కాబట్టి నా పద్ధతి ఇది. ఫొటోలు వైఫై మీద క్లౌడ్‌కు. ఫొటోలూ వీడియోలూ కలిపి పెన్‌డ్రైవ్‌కు. ఒక చివర కంప్యూటర్‌కు, ఇంకో చివర టైప్-సి ఫోనుకు పట్టే పెన్‌డ్రైవ్‌లు బజారులో దొరుకుతున్నాయి. 128 జీబీది ఒకటి తీసుకుంటే మీ యాత్రకు మిగులుతుంది. ఫోనుకు తగిలించి, ఫైల్స్‌లోకి వెళ్ళి, ఆ రోజువి ఎంచి, కాపీ. ల్యాప్‌టాప్ అక్కర్లేదు. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌లోంచే నాలుగైదు ఫొటోలు తెరిచి చూడండి, తర్వాత ఎజెక్ట్ అని చెప్పి బయటికి లాగండి. ఇక్కడ "కాపీ" అన్నాను, "మూవ్" అనలేదు. మూవ్ చేస్తే ఇక్కడిది అక్కడికి పోతుంది, మళ్ళీ మిగిలేది ఒకటే.

ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడ పెడతారు? ఫోను ఉన్న సంచిలోనే పెడితే సంచి పోయిన రోజున రెండూ పోతాయి. భార్యాభర్తలు వెళ్తే సులువు. ఆయన పెన్‌డ్రైవ్ ఆవిడ సంచిలో, ఆవిడది ఆయన సంచిలో. ఒంటరిగా వెళ్తే ఫోను జేబులో, పెన్‌డ్రైవ్ సూట్‌కేసులో బట్టల మధ్య. విమానంలో మాత్రం చెక్-ఇన్ సామానులో వేయకండి, చేతిసంచిలోనే ఉంచండి. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేకి చెడిపోతుందేమోనని కొందరు భయపడతారు. ఆ భయం రీలు కెమెరాల కాలంది. ఎక్స్‌రే ఫిల్మును పాడుచేస్తుంది, మెమరీ కార్డులకూ పెన్‌డ్రైవ్‌లకూ ఏమీ చేయదు.

కెమెరా వాడే కొద్దిమందికి: ఇల్లు చేరి రెండు నకళ్ళు చూసుకునేదాకా కార్డును ఫార్మాట్ చేయకండి. ఒకే పెద్ద కార్డు బదులు రెండు మూడు చిన్నవి పెట్టుకోండి. దారిలో ఏ స్టూడియోకో నెట్ సెంటర్‌కో ఇచ్చి ఎక్కించుకోకండి, ఫొటోలతో పాటు వైరస్ కూడా ఎక్కుతుంది. పొరపాటున కార్డులో ఫొటోలు చెరిగితే, ఆ క్షణం నుంచి ఆ కార్డు మీద ఒక్క ఫొటో కూడా తీయకండి. చెరపడమంటే పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది. పేజీలు ఇంకా ఉంటాయి. మీరు కొత్తగా తీసిన ఫొటో ఆ పేజీల మీద ఎక్కి కూర్చుంటుంది. కార్డు బయటికి తీసి పక్కన పెట్టి, ఇంటికొచ్చాక ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికితే చాలా మటుకు దొరుకుతాయి. నేను ఫోను మీద "చేయలేను" అనకుండా ఉండే సందర్భాల్లో ఇదొకటి.

విదేశాలకు వెళ్ళేవాళ్ళకు ఇంకొక్క జాగ్రత్త. ఫోను పోతే, ఇంకో ఫోనులోంచి మీ గూగుల్ ఖాతా తెరుద్దామనుకుంటారు. అది ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ వెళ్ళేది పోయిన ఫోనుకే. తాళం వేసి తాళంచెవి ఇంట్లోనే వదిలినట్టు. గూగుల్ ఖాతాలో రెండంచెల భద్రత పెట్టుకున్నవాళ్ళకు బ్యాకప్ కోడ్‌లు అని పది అంకెల వరసలు ఇస్తారు. ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు. వాటిని కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టు జిరాక్సుతో పాటు సూట్‌కేసులో పెట్టుకోండి. కాగితం అన్నానని నవ్వకండి. ఛార్జింగ్ అక్కర్లేని వస్తువు అదొక్కటే.

ఇంటికొచ్చాక వారం లోపల ఒక గంట కూర్చోండి. 1500 ఫొటోల్లోంచి వంద ఏరండి. ఈ మాట ఎవరికీ నచ్చదు. అన్నీ బాగున్నాయంటారు. అంటార్కిటికా ప్రయాణంలో షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ 1915లో మంచులో చిక్కుకుని నలిగిపోయింది. అందులో ఫ్రాంక్ హర్లీ అనే ఫొటోగ్రాఫరు ఉన్నాడు. అప్పట్లో గాజు పలకల మీద ఫొటోలు. ఓడ లోపల గడ్డకట్టే నీళ్ళలోకి దిగి ఆ పలకల పెట్టెలు పైకి తెచ్చాడు. మంచు మీద, పడవల్లో మోసుకెళ్ళాలి, అన్నీ వీలు కాదు. అతనూ షాకిల్టనూ కూర్చుని 120 పలకలు ఎంచి, మిగిలిన నాలుగు వందలను మంచు మీద పగలగొట్టారు, మళ్ళీ మనసు మారకుండా. ఆ 120 వల్లే ఇవాళ ఆ ప్రయాణం ప్రపంచానికి కళ్ళకు కట్టినట్టు ఉంది. మిమ్మల్ని పగలగొట్టమనను. మిగిలిన పద్నాలుగు వందలూ ఓ మూల ఉండనివ్వండి. కానీ ఆ వందకే మూడు నకళ్ళు గట్టిగా చూసుకోండి, ఓ ముప్పై ప్రింట్లు వేయించండి. ఆరు వేల ఫొటోల డిస్కును ఏ మనవడూ తెరవడు. ముప్పై పేజీల ఆల్బమ్ చేతికిస్తే తిరగేస్తాడు.

దీర్ఘకాలం దాచడానికి పెన్‌డ్రైవ్ పనికిరాదు. అది ప్రయాణానికే. ఇంట్లో రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొనుక్కోండి. ఒకే రోజున, ఒకే షాపులో, ఒకే రకం కొనకండి. ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్ళో అన్నయ్య ఇంట్లోనో కూతురి ఇంట్లోనో. సంక్రాంతికి ఎలాగూ కలుస్తారు. అప్పుడు మీ దగ్గర ఉన్నది, కొత్తవి ఎక్కించి, వాళ్ళకివ్వండి. వాళ్ళ దగ్గరది తెచ్చుకోండి. పని లేనప్పుడు కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి. పిడుగు పడినా, ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వైరస్ వచ్చినా, తగిలించి ఉన్నవన్నీ కలిసి పోతాయి. డిస్కు మీద పేరు, ఏడాది రాసి అంటించండి. అయిదారేళ్ళకొకసారి కొత్త డిస్కులోకి మార్చండి.

మార్చేముందు, అంటే ప్రతి సంక్రాంతికీ, తెరిచి చూడాలి. 1998లో పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' తీస్తుండగా ఎవరో ఒక ఆదేశం ఇవ్వడంతో సినిమా ఫైళ్ళలో చాలా భాగం చెరిగిపోయింది. బ్యాకప్ ఉందిగా అనుకుని తీశారు. అది కొంతకాలంగా సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలు పసిబిడ్డ కోసం ఇంటి నుంచే పని చేస్తూ, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో ఒక నకలు పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లు చుట్టి కారులో తెచ్చి సినిమాను బతికించారు. అంత పెద్ద కంపెనీకే చూసుకునే తీరిక లేకపోయింది. మన ఇంట్లో అటక మీద ఉన్న డిస్కు సంగతి చెప్పేదేముంది!

ఇప్పుడు కొంచెం బరువైన విషయం. మా బ్యాచ్ వాళ్ళకు తెలుసు, పేరు చెప్పను. మాతో చదువుకున్నవాడు, రెండేళ్ళ క్రితం భార్యతో కలిసి కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్ళొచ్చాడు. వచ్చిన నెల రోజులకు గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ అయ్యాక ఆ చెల్లెమ్మ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "అన్నయ్యా, యాత్ర ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి, తెరవడం ఎలాగో చెప్పండి" అంది. ఫోనుకు ఆరంకెల పిన్. వాడు ఎవరికీ చెప్పలేదు. పుట్టినరోజులు, పెళ్ళిరోజు, బండి నంబరు కొట్టి చూశారు. తప్పు కొట్టిన కొద్దీ ఫోను ఇంకా ఎక్కువసేపు మూసుకుపోతుంది. సిమ్ తీసి ఇంకో ఫోనులో వేసి, ఓటీపీ తెప్పించి, పిల్లలు ఎదురుగా ఉండగా వాడి గూగుల్ ఖాతా తెరిచాం. అందులో చివరి ఫొటో యాత్రకు ఎనిమిది నెలల ముందుది. 15 జీబీ నిండి బ్యాకప్ ఆగిపోయింది, వాడు చూసుకోలేదు. ఆ బస్సులో వెళ్ళిన తోటి యాత్రికులందరినీ అడిగి కొన్ని ఫొటోలు సంపాదించాం. వాటిలో వాడు ఓ మూల, శాలువా కప్పుకుని, సగం కనిపిస్తాడు. వాడు తీసినవన్నీ వాడి ఫోనులోనే ఉన్నాయి. ఆ ఫోను బాగానే ఉంది, పగలలేదు, తడవలేదు. ఆవిడ వారానికొకసారి ఛార్జింగ్ పెడుతుంది. తెరిచే దారి లేదు.

ఇంత జాగ్రత్తగా దాచిన ఫొటోలు మన తర్వాత ఎవరు తెరుస్తారు? దీనికి ఇప్పుడు మార్గాలున్నాయి. గూగుల్ ఖాతాలో "ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని ఉంటుంది. మీరు ఇన్ని నెలలు ఖాతా ముట్టకపోతే ఫలానావారికి కబురు పంపి, ఫలానావి వాళ్ళకివ్వమని రాసి పెట్టుకోవచ్చు. ఐఫోనులో "లెగసీ కాంటాక్ట్" అని ఉంటుంది. రెండూ పది నిమిషాల పని. ఇంకో కారణం కూడా ఉంది. రెండేళ్ళు ఎవరూ ముట్టని ఖాతాలను గూగుల్ తీసేయవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఆ నియమం అమల్లో ఉంది. కాబట్టి "ఎప్పుడో చూసుకోవచ్చులే" అని పిల్లలు ఊరుకునే వీల్లేదు. ఇవేవీ మా వల్ల కాదంటారా, ఫోను పిన్ ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి, ఇన్సూరెన్సు కాగితాలతో పాటు ఉంచండి. కవరు ఎక్కడుందో ఇంట్లో ఒక మనిషికి చెప్పండి. బ్యాంకు లాకరు తాళంచెవి గురించి చెప్తాం కదా, అలాగే.

చివరగా మన బడి పని. మనం చదువుకునే రోజుల్లో తీసిన ప్రయాణపు ఫొటోలంటే విహారయాత్రవే. ఈ సంచిక కోసం కమిటీ వాళ్ళు పాత ఫొటోలు సేకరిస్తే ఒక విచిత్రం కనబడింది. పదో తరగతి గ్రూపు ఫొటోలు దాదాపు ప్రతి బ్యాచ్‌వీ దొరికాయి. ఒక్కో బ్యాచ్‌లో నలభై ప్రింట్లు నలభై ఇళ్ళకు వెళ్ళాయి కాబట్టి. చెదలు తిన్నవి తినగా, తుఫానుకు పోయినవి పోగా, ఎవరో ఒకరింట్లో గోడకు ఉంది. విహారయాత్ర ఫొటోలు మాత్రం ఏ బ్యాచ్‌వీ పట్టుమని పది లేవు. ఒక్క మాష్టారి దగ్గర కెమెరా, ఒక్కటే ఆల్బమ్, ఒక్కటే ఇల్లు.

ఆ మిగిలినవాటికి నకళ్ళు తీద్దామని వరండాలో, ఎనిమిదో తరగతి గది ముందు, స్కానరు పెట్టించాం. కుర్ర బ్యాచ్ పిల్లలు ఇద్దరు సాయంత్రం అయిదు దాకా ఉంటారు. మీరు తెచ్చిన ఫొటో మీ కళ్ళ ముందే స్కాన్ చేసి మీ చేతికే ఇచ్చేస్తారు, ఎవరి దగ్గరా ఉంచుకోరు. ఆల్బమ్‌లోంచి పీకవద్దు, చిరుగుతాయి. ఆల్బమ్‌తోనే ఇవ్వండి. వెనకవైపు పెన్సిల్‌తో ఏడాది, ఊరు, గుర్తున్న పేర్లు రాయండి. బాల్‌పెన్ను వద్దు, ముందుకు గుచ్చుకుంటుంది. స్కాన్ చేసినవి మూడు డిస్కుల్లో ఎక్కిస్తాం. ఒకటి బడి ఆఫీసులో, ఒకటి హైదరాబాదు శాఖలో, ఒకటి అమెరికాలో ఉన్న మన వాళ్ళ దగ్గర ఉంటాయి.

ఇంకొకటి. మా బ్యాచ్ 1984 నాగార్జునసాగర్ యాత్రది ఒక్క ఫొటో దొరికింది. డ్యామ్ రెయిలింగ్ దగ్గర లెక్కల మాష్టారి పక్కన పదకొండు మందిమి నిలబడ్డాం. పది మందిని పోల్చుకున్నాం. ఎడమ నుంచి నాలుగోవాడు, చారల చొక్కా, చేతిలో మరచెంబు, ఎవరో తెలియడం లేదు. ఫొటో స్కానరు పక్కనే బల్ల మీద ఉంది. భోజనాలకు వెళ్ళేటప్పుడు ఒకసారి చూసి, తెలిస్తే వెనకాల పేరు రాసి వెళ్ళండి.